పసుపు గీత కింద మట్టి

పాత కార్లకి కొత్త మెరుగు పెట్టి అమ్మేవాళ్ళారా, తప్పు మీది. "నూట ఇరవై పరీక్షలు చేశాం" అని రంగుకాగితం మీద అచ్చేసి, కింద ఒక సంతకం గీకి, అద్దానికి తగిలిస్తారే, ఆ నూట ఇరవైలో ఒక్కటైనా నేలమీద వెల్లకిలా పడుకుని, కారు కిందకి దూరి చేశారా? మీ తెల్ల చొక్కాలకి ఎప్పుడైనా ఒక్క మరక అంటిందా? కొనేవాళ్ళ చేతిలో తాళాలు పడేదాకా తేనె పూసిన మాటలు. పడ్డ మర్నాటి నుంచి "నాలుగో పేజీ చదవలేదా మేడమ్?" అంటూ చీమ తలకాయంత అక్షరాలు చూపించడం.

ఇవే మాటల్ని, ఇంతకన్నా గట్టిగా, ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకి, అద్దంలా మెరిసే షోరూము నేల మీద బురద చెప్పులతో నిలబడి ఒక అమ్మాయి అరిచింది. కాఫీ మెషీను దగ్గరున్న వాళ్ళు కాఫీ తాగడం మానేశారు.

ఆ అమ్మాయిని తోటి డ్రైవర్లు హారన్ అని పిలుస్తారు. ఏడేళ్ళు ఆఫీసు ఉద్యోగుల్ని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని దింపే క్యాబ్ నడిపింది. ఒకసారి ఆమె బండికి హారను పాడైతే కంపెనీ వాళ్ళు ఆర్నెల్లు బాగు చేయించలేదు. అవసరం పడలేదు మరి.

"మేడమ్, కాస్త నెమ్మదిగా. కస్టమర్లు ఉన్నారు," అన్నాడు మేనేజరు, నీలం టై సవరించుకుంటూ.

"నేనెవర్ని మరి? దారినపోయే దానయ్యనా? పదకొండు రోజుల క్రితం ఇదే కుర్చీలో కూర్చోబెట్టి, 'ఇది కారు కాదు మేడమ్, పూలపడవ' అన్నది మీరే కదా? మీ పూలపడవ తొమ్మిదో రోజున నడిరోడ్డు మీద మొరాయించింది. మూడో గేరు పడనంటోంది. ఇప్పుడు ఒకటో గేరులోంచే కదలనంటోంది. తోపుడు బండి నయం. సిగ్గులేదా మీకు?"

ఆమె కోపానికి ఒక తారీఖు ఉంది. ఒకటో తారీఖు. ఇంకా పదిహేడు రోజులు. ఊళ్ళోని పెద్ద హోటలు వాళ్ళు, అతిథుల్ని స్టేషను నుంచి తీసుకొచ్చే పని ఆమెకి ఇస్తామన్నారు. షరతు ఒక్కటే. ఒకటో తారీఖు ఉదయం ఆరింటికి ఆ గుమ్మం ముందుకి, ఆ గుమ్మానికి తగ్గ కారు వచ్చి ఆగాలి. రాకపోతే వరసలో ఇంకొకరున్నారు. అందుకే ఆరేళ్ళు వాడిన ఆ నల్లటి, పొడుగాటి, తోలు సీట్ల కారుని, రెండేళ్ళ వారంటీతో సహా, ఉన్నదంతా ఊడ్చి కొనుక్కుంది. వారంటీ కింద బాగుపడితే ఒకటో తారీఖుకి సొంత బండి స్టీరింగు పట్టుకుంటుంది. పడకపోతే మళ్ళీ క్యాబ్, మళ్ళీ ఇంకొకరి బండి.

"క్లెయిమ్ పంపించాం మేడమ్," అన్నాడు మేనేజరు. "వారంటీ కంపెనీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాలి. రేపు వస్తారు."

"రాసివ్వండి."

"ఏంటి మేడమ్?"

"రేపు వస్తారని. నోటిమాట వద్దు. పూలపడవ కూడా నోటిమాటే. రాసివ్వండి."

"రేపు కాదండి. వచ్చేశాను," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

తిరిగి చూసింది. జేబులో పెన్ను ఉండాల్సిన చోట పొట్టి టార్చిలైటు పెట్టుకున్న ఒకతను, కాగితం కప్పుతో కాఫీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎంతసేపైంది వచ్చి?"

"'సిగ్గులేదా' దగ్గర్నుంచి."

"మరి మాట్లాడరేం?"

"మధ్యలో సందు దొరకలేదండి."

హారన్ అతని మొహం చూడలేదు. మోకాళ్ళు చూసింది. ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఉతికినా పోని గ్రీజు మరకలు. మోచేతుల దగ్గరా అంతే. ఆ షోరూము మొత్తానికి నేలమీద పడుకునే మనిషి ఇతనొక్కడే అని ఆమెకి తెలిసిపోయింది. కానీ కోపం మధ్యలో ఉన్నప్పుడు మంచి సంగతులు ఒప్పుకోవడం ఆమెకి అలవాటు లేదు. "అయితే నడవండి, కాఫీ తర్వాత తాగొచ్చు," అంది.

వెనక వర్క్‌షాపులో కారుని లిఫ్టు మీద పైకెత్తి పెట్టారు. దాని కింద, చేతులు కట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆమె నాన్న. ముప్ఫై నాలుగేళ్ళు యజమానుల కార్లు నడిపి, ఏడాది క్రితం తాళాలు అప్పజెప్పి వచ్చేసిన మనిషి. అన్నేళ్ళూ కార్ల ముందు సీట్లోనే బతికాడు. కూతురు సొంతకారు కొన్న రోజున కూడా, "వెనక కూర్చో నాన్నా, దొరలాగా," అంటే, "వెనకనుంచి నాకు రోడ్డు కనపడదే," అని ముందుకే వచ్చి కూర్చున్నాడు.

"బాబాయ్ గారూ, కాస్త పక్కకి జరుగుతారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. టార్చి తీశాడు. ఇంజను దగ్గర మొదలుపెట్టి, చీమ పాకినట్టు పాకించాడు వెలుతురుని. గేరుబాక్సు పక్కన ఒక లావుపాటి బోల్టు దగ్గర ఆపాడు. నూనె పోయడానికీ చూడడానికీ ఉన్న దారి అదొక్కటే. షోరూము వాళ్ళు గేరుబాక్సు చూసి బిగించాక ఆ బోల్టు మీదుగా ఒక పసుపు రంగు గీత గీస్తారు. బోల్టు కదిలిందంటే గీత తెగుతుంది. అదే వాళ్ళ సీలు.

గీత తెగి ఉంది. సగం రంగు ఊడిపోయి ఉంది.

"ఇది ఎవరు విప్పారండి?"

వెంట వచ్చిన మేనేజరు మొహం వెలిగింది. హారన్ మొహం మాడింది. బస్సులో వచ్చేటప్పుడు దారి పొడుగునా నాన్నకి నూరిపోసింది: "నాలుగో పేజీలో ఉంది నాన్నా, సీలు మనం ముట్టుకుంటే వారంటీ రద్దట. నువ్వు నోరు తెరవకు. వాళ్ళే విప్పుకుని ఉంటారు అని నేను చూసుకుంటాను."

"మాకేం తెలుసు?" అంది చప్పున. "మీ వర్క్‌షాపు, మీ బోల్టు..."

"నేనే విప్పాను బాబూ," అన్నాడు నాన్న.

"నాన్నా!"

"ఏం చెయ్యనే? అబద్ధం చెప్పి బాగుచేయించిన బండి ఎక్కితే నాకు రోడ్డు కనపడదు."

"ఇంకేం!" అన్నాడు మేనేజరు. "పెద్దాయనే ఒప్పుకున్నారు. సీలు విప్పారు, గేరుబాక్సు పాడుచేశారు. వారంటీ రద్దు."

"మూడో గేరు దగ్గర దగ్గింది," అన్నాడు నాన్న, మేనేజరుని కాదు, ఇన్‌స్పెక్టరుని చూస్తూ. "దగ్గుతుంటే నోరు తెరిచి గొంతు చూడమా? అలాగే విప్పి చూశాను. నూనె నల్లగా మాడిపోయి ఉంది. గిన్నె అడుగంటిన వాసన. మళ్ళీ బిగించేశాను. అంతే."

"అంటే కారు కొనకముందే లోపం ఉందంటారా?" అన్నాడు మేనేజరు, ఇంకా హుషారుగా. "ముందే ఉన్న లోపాలకి వారంటీ వర్తించదు. ఐదో పేజీ."

హారన్ రెండడుగులు ముందుకేసింది. మేనేజరు మూడడుగులు వెనక్కేశాడు.

"ఆగండాగండి. లోపం ముందే ఉందంటే వర్తించదు. తర్వాత వచ్చిందంటే మేమే పాడుచేశాం, వర్తించదు. మరి మీ వారంటీ వర్తించేది ఎప్పుడు? తాళాలు మీ చేతిలోంచి నా చేతిలోకి విసిరినప్పుడు, గాల్లో ఉన్నంతసేపా?"

ఎవరో ముక్కుతో నవ్వారు. ఇన్‌స్పెక్టరు.

"మీకు నవ్వొస్తోందా?"

"లేదండి. ఈ మాట ఎవరైనా అంటారేమోనని ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాను." మళ్ళీ పనిలోకి దిగిపోయి నాన్న వైపు తిరిగాడు. "బాబాయ్ గారూ, విప్పింది ఎక్కడ?"

"మా ఇంటి కింద, పార్కింగులో."

"రేపు వచ్చి ఆ చోటు చూడొచ్చా?"

"చోటు చూసి ఏం చేస్తారు? మా మీద ఇంకో పేజీ కడతారా?" అంది హారన్.

"రిపోర్టు కంపెనీకి చేరేదాకా నేనేమీ చెప్పకూడదండి. రూలు."

"సరే, రేపు వస్తానని రాసివ్వండి."

రాసిచ్చాడు. అక్షరాలు గుండ్రంగా, బడిపిల్లాడి కాపీ పుస్తకంలా ఉన్నాయి. ఆ కాగితం ఆమె పర్సులో పెట్టుకుంది. ఎందుకు అంత భద్రంగా మడిచిందో, అప్పటికి ఆమెకే తెలీదు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి వాన. అలాంటిలాంటిది కాదు, కుండపోత. రాడులే అనుకుంది హారన్. అనుకుంటూనే ఆరుసార్లు బాల్కనీలోకి వెళ్ళొచ్చింది. "మొక్కలకి నీళ్ళు పోస్తున్నావా?" అని అడిగాడు నాన్న. "వానలోనా?" "అదే అడుగుతున్నాను."

వచ్చాడు. నెత్తిమీద ప్లాస్టిక్ కవరు, చేతిలో టార్చి. మనిషి నిలువునా తడిసి, టార్చి మాత్రం పొడిగా ఉంది.

పార్కింగులో నేలంతా వెతికాడు. కారు నిలబెట్టిన చోట నూనె మరక తప్ప ఏమీ లేదు. "ఇక్కడ పసుపు రంగు పెచ్చు ఏదైనా పడి ఉండాలే," అని గొణుక్కుంటూ మోకాళ్ళ మీద పాకాడు.

"పెచ్చా? పడనిస్తానా?" అన్నాడు నాన్న. "పైకి రా."

నాన్నకి ఒక అలవాటు ఉంది. రోజుకొక కాగితం చింపే గోడ క్యాలెండరు కొంటాడు. చింపిన కాగితం పారేయడు. ఆ రోజు బండి నూనె ఒక చుక్క దాని మీద వేసి, ఏదైనా విప్పితే ఊడిన పెచ్చునో వాషరునో టేపుతో ఆ కాగితానికే అంటించి పెడతాడు. తేదీ రాసుకునే శ్రమ లేదు, అచ్చయ్యే ఉంటుంది. ముప్ఫై నాలుగేళ్ళ కాగితాలు మంచం కింద చెప్పుల డబ్బాల్లో ఉన్నాయి. యజమానులు నవ్వేవారు. హారన్ వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ, "మనుషులు పెళ్ళి ఫొటోలు దాచుకుంటారు, మీ నాన్న జిడ్డు దాచుకుంటాడు," అనేది.

తొమ్మిదో రోజు కాగితం తీసి ఇచ్చాడు. నల్లటి నూనె చుక్క. పక్కన టేపు కింద, చిటికెన వేలి గోరంత పసుపు పెచ్చు.

ఇన్‌స్పెక్టరు టార్చి వేశాడు. పెచ్చుని పైనుంచి చూశాడు. కాగితం తిప్పి, వెలుతురుకి అడ్డం పెట్టి, పక్కనుంచి చూశాడు. చాలాసేపు చూశాడు. అతని మొహంలో ఏదో కదిలింది. పెదవి దాకా వచ్చింది. రూలు గుర్తొచ్చి మళ్ళీ లోపలికి పోయింది.

"ఇది నేను తీసుకెళ్ళొచ్చా?"

"తీసుకెళ్తున్నట్టు రాసివ్వండి," అంది హారన్.

రాస్తుంటే అతని జుట్టులోంచి ఒక వాన చుక్క సరిగ్గా సంతకం మీద పడింది. తువ్వాలు తెచ్చి అతని నెత్తిన పడేసింది. "మీకోసం కాదు. కాగితం తడుస్తోంది."

వాన తగ్గలేదు. నాన్న టీ పెట్టాడు. టీ తాగుతూ ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. వీధిలో నీళ్ళు కాలవలా పోతున్నాయి.

"ఇంత గొంతు మీకెలా వచ్చింది?" అని అడిగాడు.

"ఏడేళ్ళు బండి నడిపితే మీకూ వస్తుంది. నెమ్మదిగా అడిగితే ఎవడూ దారివ్వడు. మీరేంటి, ఇన్‌స్పెక్టర్లంటే టైలు కట్టుకుంటారు కదా?"

"నేను మెకానిక్కునండి. పదేళ్ళు రెంచీ పట్టుకున్నాను. నేను బాగుచేయాల్సిన బళ్ళన్నీ కాగితాల దగ్గరే ఆగిపోతుంటే ఒళ్ళు మండి ఇటొచ్చాను. కిందకి దూరి చూసి రాసేవాడు ఒక్కడైనా ఉండాలి కదా."

"రాస్తే చదువుతారా?"

"పైవాళ్ళు మొదటి పేజీ చదువుతారు. అందుకే ఒక మాట చెప్తాను, గుర్తుంచుకోండి. ఏ కాగితమైనా చివరి పేజీ నుంచి చదవండి. అసలు సంగతి అక్కడుంటుంది."

"మనుషుల్ని కూడానా?"

అతను టీ గ్లాసులోకి చూసుకున్నాడు. "మనుషుల్ని చివరిదాకా చదవాలంటే టైము పడుతుందండి."

వాన ఆగింది. ఎవరు ఆపమన్నారో. అతను లేచాడు. "వెళ్ళొస్తానండి," అని నాన్నతో అన్నాడు. ఏదో పిలవబోయి, మింగేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"గమనించావా?" అన్నాడు నాన్న.

"ఏంటి?"

"నిన్నంతా బాబాయ్ గారూ, బాబాయ్ గారూ అన్నాడు. ఇవాళ ఒక్కసారి కూడా అనలేదు. టీ ఇస్తే 'థాంక్సండి'. పెచ్చు ఇస్తే 'చాలా థాంక్సండి'. నేను బాబాయినైతే నువ్వు అతనికి ఏమవుతావో లెక్క కట్టుకున్నట్టున్నాడు."

"నాన్నా, నువ్వెళ్ళి డబ్బాలు సర్దుకో."

శుక్రవారం షోరూము నుంచి ఫోను వచ్చింది. రిపోర్టు వచ్చిందట. వెళ్ళింది. మేనేజరు నీలం టై స్థానంలో ఎర్ర టై కట్టుకుని, ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. గుండ్రటి అక్షరాలు.

'గేరుబాక్సు బోల్టుపై ఉన్న సీలును తానే విప్పినట్టు యజమాని తండ్రి నా ఎదుట అంగీకరించారు.'

చివర్న అదే సంతకం. ఈసారి వాన చుక్క లేదు.

హారన్ మిగతాదేమీ వినలేదు. మేనేజరు "రద్దు" అన్నాడో "వద్దు" అన్నాడో తెలీదు. బయటికొచ్చి, ఫోన్లు చేసి, అతను ఏ వర్క్‌షాపులో ఉన్నాడో కనుక్కుని వెళ్ళింది. అక్కడ నాలుగు కార్ల కింద నాలుగు జతల కాళ్ళు. మోకాళ్ళ మరకలు గుర్తుపట్టింది.

"ఏవండీ!" అని కేకేసింది.

నాలుగు జతల కాళ్ళూ కదిలాయి. మూల టైర్లు మారుస్తున్న ముసలి మెకానిక్, "ఆ పిలుపు పెళ్ళాలది రా, ఎవడిదో చూసుకోండి," అన్నాడు. అతను కింద నుంచి జారి బయటికొచ్చాడు, మొహమంతా నల్లటి చుక్కలతో. ఆమెని చూసి నవ్వబోయాడు.

"నవ్వకండి! మా ఇంటికొచ్చారు. మా టీ తాగారు. మా తువ్వాలు వాడారు. మా నాన్న ఒక్క నిజం చెప్పాడు. ఆ నిజాన్నే తీసుకెళ్ళి ఆయన మెడకి కట్టారా? బాబాయ్ గారూ అని పిలిచి మరీ?"

"రిపోర్టు చదివారా?"

"చదివాను! 'యజమాని తండ్రి అంగీకరించారు.' చాలు!"

"మొత్తం చదివారా?"

"మొదటి పేజీకే కడుపు నిండిపోయింది."

అతను లేచి నిలబడలేదు. అలాగే కింద నుంచి ఆమెని చూశాడు. కోపం వచ్చి ఉంటే ఆమెకి తేలిగ్గా ఉండేది. రాలేదు. "మీరు కూడా మొదటి పేజీ మనిషేనా?" అని మాత్రం అన్నాడు. మళ్ళీ కారు కిందకి వెళ్ళిపోయాడు. నాలుగు జతల కాళ్ళే మిగిలాయి.

బస్సు స్టాపులో కూర్చుంది. రెండు బస్సులు వదిలేసింది. ఆ మాట ముల్లులా గుచ్చుతోంది. చివరి పేజీ నుంచి చదవమన్నాడు కదా. చివరి పేజీ ఏది? మేనేజరు తన ముందు పెట్టింది ఒకే ఒక్క కాగితం. పైన మూలలో ఏదో అంకె ఉంది. ఒకటి, గీత, మూడు.

మూడులో ఒకటి!

ఆమె వెళ్ళేసరికి షోరూములో శుక్రవారం సాయంత్రపు రద్దీ. ఒక రిటైరైన టీచరమ్మ భర్తతో కలిసి బూడిదరంగు కారు చుట్టూ తిరుగుతోంది. ఒక కుర్ర డాక్టరు ఎరుపు రంగు కారులో కూర్చుని సెల్ఫీ తీసుకుంటున్నాడు.

"రిపోర్టు ఎన్ని పేజీలు?" అంది హారన్.

"మేడమ్, మీకు చూపించాను కదా..."

"ఒక్క పేజీయే ఉందని రాసివ్వండి. సంతకం పెట్టండి. టై పిన్ను తీసి దానికి గుచ్చండి."

మేనేజరు పెన్ను తియ్యలేదు. పెన్ను తియ్యని చోట అబద్ధం ఉంటుంది, అది ఆమె ఏడేళ్ళ అనుభవం. సొరుగులోంచి రెండు కాగితాలు వచ్చాయి. అక్కడే, అందరి మధ్యా, గొంతెత్తి చదివింది.

"'ఊడిన రంగు పెచ్చును యజమాని తండ్రి తేదీతో సహా భద్రపరిచారు. పెచ్చుకు పైన పసుపు రంగు. రంగు కింద గట్టిపడిన పాత మట్టి. గేరుబాక్సుకు ఇంకా అంటుకుని ఉన్న మిగతా సగం కింద కూడా అదే మట్టి. రెండు ముక్కలూ పగిలిన గాజు ముక్కల్లా ఒకదానితో ఒకటి అతికాయి. అంటే షోరూము వారు బోల్టును విప్పనే లేదు. మట్టి మీదే గీత గీశారు. బోల్టు విప్పకుండా నూనె మార్చడం ఎవరివల్లా కాదు. కాబట్టి నలభై మూడో పరీక్ష, గేరు నూనె మార్చబడింది, అన్నది అబద్ధం.'"

కుర్ర డాక్టరు సెల్ఫీ ఆపాడు.

"'వారంటీ పుస్తకం తొమ్మిదో పేజీ ప్రకారం, చేయని పనిని చేసినట్టు ధ్రువీకరిస్తే, దానివల్ల వచ్చిన నష్టమంతా షోరూమే భరించాలి. గేరుబాక్సును పూర్తిగా బాగుచేసి ఈ నెలాఖరులోగా అప్పగించాలి.'"

ఇంకో మూడు వాక్యాలు మిగిలాయి. అవి కూడా గట్టిగానే మొదలుపెట్టింది.

"'యజమాని తండ్రి ఆ బోల్టు విప్పి ఉండకపోతే ఈ మోసం ఎప్పటికీ బయటపడేది కాదు. విప్పాననే నిజం ఆయన దాచి ఉంటే ఆ పెచ్చుకు విలువ ఉండేది కాదు. ఆయన పనితీరు...'"

అక్కడ ఆగింది. ఏడేళ్ళలో మొదటిసారి హారన్ మోగలేదు. టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని, కాగితం అందుకుని, మిగతాది తనే చదివింది: "'ఆయన పనితీరు ఈ వర్క్‌షాపులో ప్రతి ఒక్కరికీ పాఠం కావాలి.'" చదివి, కాగితం తిరిగిచ్చి, మేనేజరు వైపు తిరిగింది. "బాబూ, ఆ బూడిదరంగు దాన్ని పైకెత్తించు. దాని గీత కూడా గోకి చూస్తాను. నా దగ్గర హెయిర్‌పిన్ను ఉంది."

"ఈ ఎర్రదాని గీత కూడా," అన్నాడు కుర్ర డాక్టరు.

ఆ సాయంత్రం ఆరు కార్ల గీతలు గోకారు. నాలుగింటి కింద మట్టి.

ఇక షోరూము వాళ్ళకి వేరే దారి లేకపోయింది. సోమవారమే గేరుబాక్సు దించారు. రోజూ నాన్న వెళ్ళి పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఎవరూ పొమ్మనలేదు సరికదా, మూడో రోజు నుంచి మెకానిక్కులే, "పెద్దాయనా, ఈ వాషరు చూడండి," అని అడగడం మొదలుపెట్టారు. నాన్న ఇంటికొచ్చి కాగితం మీద చుక్క వేసేవాడు. తేనె రంగు చుక్క.

"అతను వచ్చాడా?" అని హారన్ అడిగేది కాదు. "వర్క్‌షాపుకి ఇంకెవరైనా వచ్చారా?" అని అడిగేది.

"రాలేదు," అనేవాడు నాన్న. ఒకరోజు ఇంకో సంగతి కూడా చెప్పాడు: "రెండో పేజీ, మూడో పేజీ తీసెయ్యమని అతనికి పైవాళ్ళు ఫోను చేశారట. 'తీసేస్తే మొదటి పేజీ కూడా తీసెయ్యండి, నన్ను కూడా తీసెయ్యండి' అన్నాడట. ఇంకా తీసెయ్యలేదు. వాళ్ళకి కింద పడుకునేవాడు వేరే దొరకాలిగా."

ఆ రాత్రి భోజనాలయ్యాక హారన్, "అతనికి సారీ చెప్పాలి నాన్నా," అంది.

"నోటిమాట వద్దు," అన్నాడు నాన్న. "రాసివ్వు."

గోడ మీది కాగితం చింపి, వెనక రాసింది. నాలుగుసార్లు రాసి చింపేసి, వచ్చే నాలుగు రోజుల కాగితాలూ తగలేసి, చివరికి రెండు ముక్కలు మిగిల్చింది: 'మొదటి పేజీ మనిషినే. మారతాను.' కింద 'హారన్' అని పెట్టింది. నాన్న దాన్ని వర్క్‌షాపులో ఎవరిచేతో పంపించాడు. జవాబు రాలేదు.

నెలాఖరు రోజు మధ్యాహ్నం కారు సిద్ధమైంది. అప్పగించేముందు వారంటీ కంపెనీ మనిషి పక్కన కూర్చుని రోడ్డు మీద నడిపించి చూడాలి. రూలు. షోరూము గేటు దగ్గర టార్చిలైటు జేబులో పెట్టుకుని అతను నిలబడి ఉన్నాడు. చేతిలో అట్ట, అట్టకి ఫారం.

"నడిపేవారు యజమాని. పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు," అన్నాడు ఫారం చూస్తూ, ఆమెని చూడకుండా.

"మరి నేను?" అన్నాడు నాన్న.

ముగ్గురూ వెనక తలుపు వైపు చూశారు. ముప్ఫై నాలుగేళ్ళు ఆ తలుపుని ఇంకొకరికి తీసి పట్టుకున్న మనిషి. ఇన్‌స్పెక్టరు ముందుకెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాడు. నాన్న ఒక్క క్షణం తటపటాయించి, చెప్పులు దులుపుకుని, తల వంచి లోపలికి ఎక్కాడు. తోలు సీటుని అరచేత్తో నిమిరి చూశాడు.

బండి కదిలింది. ఒకటో గేరు. రెండు. హారన్ క్లచ్చు తొక్కింది. మూడోది చేప నీళ్ళలో జారినట్టు జారింది. నాన్న వెనకనుంచి, "దగ్గలేదే!" అన్నాడు. చినుకులు మొదలయ్యాయి. వైపర్లు ఊగుతున్నాయి. అతను ఫారంలో టిక్కులు పెడుతున్నాడు. బ్రేకులు, టిక్కు. స్టీరింగు, టిక్కు. శబ్దాలు... "శబ్దాలు ఏమీ లేవు," అన్నాడు.

"నేను మాట్లాడటం లేదు కాబట్టి," అంది హారన్.

అతని పెదవి వంకర తిరిగింది. చాలనుకుంది.

"నా కాగితం అందిందా?"

"అందింది. రెండు వైపులా చదివాను."

"రెండో వైపు ఏముంది, తేదీ తప్ప?"

"ఆ తేదీయే దాచుకున్నాను."

"నాకు వెనకనుంచి రోడ్డు బాగానే కనిపిస్తోందే," అన్నాడు నాన్న ఎవరూ అడక్కుండానే. "ముందున్న ఇద్దరి చెవులు ఎర్రబడటం కూడా కనిపిస్తోంది. ఏసీ పెంచు."

పెద్ద కూడలి దగ్గర ఎర్రలైటు పడింది. డెబ్బై అని అంకె చూపించింది. వాన అద్దం మీద ధారలు కట్టింది. అతను ఫారం చివర సంతకం పెట్టి, అట్ట మీద కాగితం తిరగేసి, వెనక ఖాళీ వైపున గుండ్రటి అక్షరాలతో ఏదో మొదలుపెట్టాడు.

"ఏం రాస్తున్నారు? ఫారం అయిపోయిందిగా?"

"మీకు నోటిమాట పనికిరాదు కదండి. అందుకని..."

హారన్ చెయ్యి చాచి పెన్ను లాక్కుంది. యాభై.

"ఇది కాగితం మీద తేలే సంగతి కాదు. చివరి పేజీ దాకా నేను చదువుకుంటాను, దానికి చాలా ఏళ్ళున్నాయి. ముందు ఒక సంగతి తేల్చండి. మొదటిరోజు మా నాన్నని బాబాయ్ అన్నారు. తర్వాత అన్నీ మింగేశారు. పదిహేను రోజులుగా ఆయన్ని ఏ వరసా కలపకుండా గాల్లో వేలాడదీశారు, మీ కంపెనీ వారంటీలాగా."

"అదీ... అంటే..."

"నేను నిద్రపోతున్నాను," అన్నాడు నాన్న, రెండు కళ్ళూ పెద్దవి చేసుకుని.

ఇరవై. వెనక కార్లు అప్పుడే తొందరపెడుతున్నాయి. హారన్ స్టీరింగు మీద నుంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పచ్చలైటు పడినా బండి కదలదు. వెనక్కి తిరగండి. ఆయన కళ్ళలోకి చూసి, ఏమని పిలుస్తారో నోరు తెరిచి పిలవండి. గట్టిగా. ఇప్పుడే!"